నల్లగా వస్తేనే నొప్పి

కప్పుల డబ్బా ఇప్పుడు మీ చేతుల్లోకి వచ్చింది. నరసరావుపేటలో మా డాక్టరమ్మ దగ్గర కొత్తగా చేరిన ఆడపిల్లలు మీరిద్దరూ మొన్న మా ఇంటికి వచ్చి, "పిన్నీ, ఇళ్ళకు వెళ్ళి కప్పులు పెట్టేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని అడిగారు. పుండు మీద పెట్టొద్దు, ఎముక మీద పెట్టొద్దు, రక్తం పలచబడే మందులు మింగేవాళ్ళకు అసలే పెట్టొద్దు అని చెప్పి టీ ఇచ్చి పంపించాను. మీరు మెట్లు దిగాక గుర్తొచ్చింది, అసలు జాగ్రత్త చెప్పనే లేదని. వీపు సంగతి చెప్పాను గానీ వీపు చుట్టూ చేరే జనం సంగతి చెప్పలేదు. అది నిలబడి చెప్పే మాట కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

మా నాయన పరుపులు కుట్టేవాడు. దూది ఎక్కడ ఉండకట్టిందో అరచేత్తో తడిమి చెప్పేవాడు. నేను డాక్టరమ్మ ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఊడ్చి తుడిచే పనికి చేరాను. ఒకరోజు ఒక ముసలామె బల్ల దిగలేకపోతుంటే వీపు పట్టి లేపి, "ఇక్కడ ఉండకట్టింది కదమ్మా" అన్నాను. డాక్టరమ్మ నా వైపు చూసి, "చీపురు పక్కన పెట్టి ఇటు రా" అంది. ఆ చీపురు మళ్ళీ పట్టుకోలేదని చెప్పను. పొద్దున చీపురు, పది దాటాక కప్పులు. పని మానేసే దాకా అంతే.

కప్పులంటే పెద్ద విద్యేమీ కాదు. ప్లాస్టిక్ కప్పు, దాని నెత్తిన ఒక బుడిపె, పిచికారీ లాంటి చేతిపంపు. వీపు మీద బోర్లించి పంపు గుంజితే లోపలి గాలి పోయి, చర్మం కప్పులోకి బూరెలాగా పొంగుతుంది. కాసేపు ఉంచి బుడిపె పైకి లాగితే ఉస్సుమని ఊడొస్తుంది. పట్టేసిన కండ కొంచెం వదులవుతుంది, కొన్నాళ్ళు సుఖంగా ఉంటుంది. ఆ కొన్నాళ్ళలో చేతిని, మెడను ఆడించే వ్యాయామాలు చేయించడమే అసలు పని అని డాక్టరమ్మ రోజూ చెప్పేది. రెండుసార్లు గుంజాలి, అదీ మెల్లగా. అంతకు మించకూడదు. "మరక చూసి మురిసిపోవద్దు. గట్టిగా గుంజితే ఎవరికైనా నల్లబడుతుంది. మరకకూ నొప్పికీ చుట్టరికం లేదు" అనేది.

ఈ మాట చెవికెక్కని మొదటి మనిషి మా కాంపౌండరే. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. "రంగు రాకపోతే జనం నమ్మరక్కా. సూది గుచ్చితే అబ్బా అనాలి, మందు తాగితే మొహం ముడుచుకోవాలి, కప్పు పెడితే నల్లబడాలి. లేకపోతే వైద్యం చేసినట్టేనా?" అని వాదించేవాడు. తన మెడనొప్పికి బామ్మర్ది చేత కప్పులు పెట్టించుకుని, పంపు ఇక కదలదు అనేదాకా గుంజించుకుని, బోర్లా పడుకున్నవాడు అట్లాగే నిద్రపోయాడు. వీపు మీద బొబ్బలు లేచాయి. చాలా రోజులు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాడు. ఎందుకురా అని అడిగితే, "ఆడవాళ్ళకు గౌరవం ఇస్తున్నానక్కా" అన్నాడు.

ఇక అసలు సంగతి. మిరపకోతల కాలం. ఈపూరు వైపు ఒక ఊరి నుంచి ఒక ఆటో అబ్బాయి క్లినిక్‌కు వచ్చాడు. తన భార్యను అంతకుముందు ఒకసారి తెచ్చి చూపించాడు. ఆ పిల్లకు కుడి జబ్బ పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు, జడ కూడా వేసుకోలేదు. ఆ చేత్తో కోతలకు పోవద్దని, వ్యాయామాలు చేస్తూ మధ్యమధ్య కప్పులు పెట్టించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. వినకపోతే జబ్బ బిగుసుకుపోతుందని, మళ్ళీ తిప్పుకోవడానికి ఏళ్ళు పట్టొచ్చని కూడా చెప్పింది.

"మరి మళ్ళీ తీసుకురాలేదేం?" అని అడిగింది.

అబ్బాయి నేల చూశాడు. "మా అమ్మ పంపట్లేదండీ. కోతల్లో ఒక మనిషి తగ్గిద్దని. ఎవరినన్నా ఇంటికి పంపితే నేనే ఆటోలో తీసకపోయి దించుతా."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను డబ్బా తీసుకున్నాను.

దారిలో అబ్బాయి అన్నాడు: "పిన్నీ, మా అమ్మ నోరు కొంచెం పెళుసు. ఏమీ అనుకోబాక."

"నాకు ముగ్గురు ఆడపడుచులు నాయనా. నువ్వు బండి చూసి నడుపు" అన్నాను.

వాళ్ళమ్మ ఆ ఊళ్ళో మిరపకోతకు పోయే ఆడవాళ్ళ ముఠాకు పెద్ద. ఏ చేలో కోత, ఎవరు రావాలి, ఎవరు ఆగాలి, అంతా ఆమె నోటి మాటే. పొద్దున్నే అందరినీ కొడుకు ఆటోలో కూరి ఎక్కించేది. తను మాత్రం కాయ కోయదు. ఆమెకు ఇరవై ఏళ్ళ నాటి నడుంనొప్పి. గట్టు మీద కూర్చుని కేకలు వేయడం ఆమె వంతు. ఆ నడుం గురించి తెలియని మనిషి చుట్టుపక్కల ఊళ్ళలో లేడు.

ముఠాను నడిపేవాళ్ళకు ఒక చిక్కు ఉంటుంది. కాయ పండి ఎర్రబడి, కోతకు మనుషులు చాలని రోజుల్లోనే అందరికీ నొప్పులు వస్తాయి. ఒకామెకు మెడ, ఒకామెకు నడుం, ఒకామెకు చేతులు. ఎవరిది నిజంగా నొప్పి, ఎవరిది మేనకోడలి పుట్టినరోజు? ఎట్లా తేల్చాలి? సరిగ్గా అప్పుడే కొడుకు అమ్మ నడుం కోసం ఫోనులో చూసి ఒక కప్పుల సెట్టు తెప్పించాడు. ఆమె దాన్ని తనకు పెట్టుకోలేదు. తన వీపు తనకు అందదు, పంపు ఇంకొకరి చేతికి ఇవ్వడానికి మనసు రాదు. మెడ పట్టేసిందన్న ఎదురింటామెకు పెట్టి చూసింది. నేరేడుపండు లాగా నల్లగా వచ్చింది. వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. ఆ మరక చూశాక ఆమెకు దారి దొరికింది. నల్లగా వస్తే నొప్పి నిజం, ఇంట్లో ఉండొచ్చు. రాకపోతే ఆటో ఎక్కాలి.

నేను వెళ్ళేసరికి సాయంత్రమైంది. పెరట్లో రెండు చీరలు అడ్డం కట్టి, పరీక్ష జరుపుతోంది. ఆమె ఎత్తుపీట మీద, ఆడవాళ్ళు వరుసగా ముందు. పంపు గుంజుతుంటే ఆమె జబ్బలు ఉబ్బుతున్నాయి. నేను చూస్తూ నిలబడ్డాను. ఎవరంటే జాలి ఉంటే వాళ్ళకు ఇంకో రెండుసార్లు ఎక్కువ గుంజుతోంది, అనుమానం ఉన్నవాళ్ళకు సగంలో ఆపుతోంది. ఆ తేడా ఆమెకే తెలియదు.

"ఏమే, నీది గోధుమరంగు. రేపు రా."

"గోధుమరంగు కూడా నొప్పే గదక్కా?"

"సగం నొప్పి. మధ్యాన్నం దాకా కోసి పో."

నా వంతు వచ్చింది. కోడలిని పీట మీద కూర్చోబెట్టి, జబ్బ వెనక తడిమాను. ఉండకట్టిన చోటు చేతికి తగిలింది. కప్పులు పెట్టి రెండేసిసార్లు గుంజాను. కాసేపుంచి తీశాను. రెండుసార్లు గుంజితే ఎట్లా వస్తుందో అట్లాగే వచ్చింది, లేత ఎరుపు.

అత్త వంగి చూసింది. "ఇదేందే! గులాబిపువ్వు మాదిరి ఉంది. ఇది నొప్పా? ఇది మొగుడు ముద్దు పెట్టిన మరక."

అందరూ గొల్లున నవ్వారు. ఆ పిల్ల తల దించుకుంది. నేను చేసిన పని తప్పు కాదు. డాక్టరమ్మ చెప్పినట్టు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను. ఆ సరైన పనే ఆ పిల్లను దొంగను చేసింది.

"అక్కా, రంగు గుంజడాన్ని బట్టి వచ్చిద్ది, నొప్పిని బట్టి రాదు" అన్నాను. "కావాలంటే ఏ నొప్పీ లేని మనిషికి పెట్టి గట్టిగా గుంజి చూడు."

"ఒరేయ్, ఇట్టా రారా!" అని కొడుకును కేకేసింది. చీరల అడ్డం దాటకుండా చెయ్యి మాత్రం లోపలికి పెట్టమంది. ముంజేతి మీద కప్పు పెట్టి, పళ్ళు బిగించి గుంజింది. తీస్తే కాటుక పెట్టినట్టు వచ్చింది. నేను గెలిచాననుకున్నాను.

"అయ్యో నా తండ్రీ!" అంది ఆమె. "చేతిలో ఇంత నొప్పి పెట్టుకుని బండి తోలుతన్నావా! చెప్పనే లేదేందిరా?"

"నాకేం నొప్పి లేదమ్మా" అంది చీర అవతల గొంతు.

"నోర్ముయ్యి. నువ్వు దాచినా మరక దాచిద్దా? రేపటి నుంచి మిరపకాయ బస్తాలు ఎత్తబాక."

అట్లా నా వాదన పుణ్యాన కొడుక్కి విశ్రాంతి దొరికింది. కోడలికి గడువు దొరికింది. "ఆదివారం మళ్ళీ పెట్టు. అప్పుడూ ఇట్టానే వస్తే సోమవారం పెద్ద చేను కోతకు ఈమె ఆటో ఎక్కాల్సిందే" అని తేల్చి చెప్పింది.

క్లినిక్‌కు వచ్చి జరిగింది చెప్పాను. డాక్టరమ్మ తనే ఫోను చేసి అత్తకు నచ్చజెప్పబోయింది. అవతల నుంచి నాకు కూడా వినపడింది: "మీరు పెద్ద చదువులు చదివారు తల్లీ, కాదన్ను. ఆ మరక మీరు కళ్ళారా చూశారా? నేను చూశా." డాక్టరమ్మ ఫోను బల్ల మీద పెట్టేసింది.

ఆమె లోపలికి వెళ్ళాక కాంపౌండరు నా దగ్గరకు వచ్చాడు. "ఇంకో నాలుగుసార్లు గుంజక్కా. మరక పోతే వారంలో పోద్ది. జబ్బ పోతే వచ్చిద్దా?"

వాడు చెప్పిన మాటల్లో సబబుగా తోచింది నాకు అదొక్కటే. ఇంతలో లోపలి నుంచి డాక్టరమ్మ అంది: "ఈ వారం నల్లగా తెస్తే, పై వారం ఇంకా నల్లగా కావాలంటుంది. ఎందాకా గుంజుతావు? నీ పక్కనే ఉన్నాడుగా, బొబ్బలు ఎంత హాయిగా ఉంటాయో అడుగు."

కాంపౌండరు మందుల సీసాలు సర్దడానికి వెళ్ళిపోయాడు.

ఆదివారం వెళ్ళాను. పెరడు నిండా ఆడవాళ్ళు. మర్నాటి కోతకు పేర్లు చెప్పుకోవడానికి వచ్చామంటున్నారు గానీ చూడ్డానికి వచ్చారని తెలుస్తూనే ఉంది. కోడలు నన్ను వంటింట్లోకి లాగింది. జడ వంకర్లు పోయి, ఒక పాయ లావుగా ఒక పాయ సన్నగా ఉంది.

"ఎవరేశారే ఈ జడ?" అన్నాను.

"మీ ఆటో డ్రైవరే" అంది. నవ్వబోయి ఆగింది. "తలుపేసుకుని ఏస్తన్నాడు పిన్నీ, అత్త చూస్తదని. పిన్నీ, నల్లగా రానియ్యవా? బొబ్బలొచ్చినా ఓర్చుకుంటా. రేపు ఆ చేలోకి పోతే ఈ చెయ్యి ఇక నాది కాదు. పొద్దున పళ్ళు తోముకోవడానికే ఏడుస్తన్నా."

డబ్బా తెరిచాను. చేతిలో పంపు ఉంది. గుంజితే పని అయిపోతుంది. పెరట్లోకి వచ్చేసరికి అత్త తన పంపు పట్టుకుని నిలబడి ఉంది.

"నీ పంపులో సత్తా లేదే. ఇయ్యాల నేనే గుంజుతా. ఈమె సంగతి తేల్చేస్తా."

ఆ చేతుల బలం నేను చూశాను. కండ పట్టేసిన జబ్బ మీద ఆమె గుంజితే ఏమవుతుందో నాకు తెలుసు. మరో మాట తోచక, "అయితే ముందు నువ్వు కూర్చో అక్కా" అన్నాను. "ఇంతమందికి పెట్టావు, నీ నడుముకు ఎవరన్నా పెట్టారా? ఇరవై ఏళ్ళ నొప్పి. దాని రంగు చూశాక కదా మిగతావాళ్ళవి పోల్చి చెప్పాలి."

ఎదురింటామె వెంటనే అందుకుంది. "అవునక్కా, నీది చూడాలని మాకు ఎప్పటి నుంచో ఉంది." మొహంలో ఎక్కడా నవ్వు లేదు. అది ఎంత కష్టపడి ఆపుకుందో నేను చూశాను.

అత్త కాదంటుందేమోనని భయపడ్డాను. ఆమె మొహం వెలిగిపోయింది. తన పంపు కోడలి చేతికిచ్చి, పీట మీద రాణీ మాదిరి కూర్చుని, వీపు మీద కొంగు తొలగించింది. "చూడండే, కళ్ళు పెద్దవి చేసుకుని చూడండి. కాకి రెక్క మాదిరి వచ్చిద్ది."

నడుముకు అటూ ఇటూ కప్పులు పెట్టాను. ఒకసారి. రెండుసార్లు. పంపు తీశాను.

"ఇంకా గుంజు."

"నీ కోడలికీ రెండే గుంజా అక్కా. పైగా నీకు షుగరంట, నీ కొడుకు చెప్పాడు. ఎక్కువ గుంజితే డాక్టరమ్మ నా పని పీకేసిద్ది."

"సర్లే. నా నొప్పికి రెండు చాల్లే" అంది.

కోళ్ళు గింజలు ఏరుకుంటున్న చప్పుడు వినపడింది. బుడిపెలు లాగాను. కప్పులు ఊడొచ్చాయి. అందరూ ముందుకు వంగారు.

"ఎట్టొచ్చిందే?" అంది అత్త.

అందరూ ఎదురింటామె వైపు చూశారు.

"అడిగేది మిమ్మల్నే. ఎట్టొచ్చింది?"

"గులాబిపువ్వక్కా" అంది ఎదురింటామె.

నమ్మలేదు. ఒక పిల్ల ఫోనుతో ఫోటో తీసి చూపించింది. ఆమె ఫోను దగ్గరకు పెట్టుకుని చూసింది, దూరం పెట్టి చూసింది, వేళ్ళతో బొమ్మ పెద్దది చేయించి చూసింది. వెనక ఎవరో అననే అన్నారు: "అయితే రేపు నువ్వు కూడా వంగాలిగా అక్కా?"

ఆ పెరట్లో నవ్వు పుట్టింది గానీ ఎవరూ బయటికి రానివ్వలేదు. అత్త కొంగు కప్పుకుని లేచింది. నా కప్పు ఒకటి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. తర్వాత తన సెట్టులోది తీసి చూసింది. ఆమె బుర్ర ఎంత వేగంగా తిరుగుతోందో మొహంలో కనపడుతూనే ఉంది. నొప్పి అబద్ధమని ఒప్పుకోవాలి, లేకపోతే పరీక్ష అబద్ధమని ఒప్పుకోవాలి. ఆమె ఏదీ ఒప్పుకోలేదు.

"కప్పులు పాడైపోయినయ్" అంది. "నాయ్యీ, నీయ్యీ, అన్నీ. ఎక్కడో చల్లటి దేశాల్లో తెల్లతోలు మనుషులకు చేసిన సరుకు. మన ఎండకు పనికిరాదు. ఇయ్యాల్టి నుంచి ఈ పెరట్లో కప్పుల్లేవు, మరకల్లేవు. నొప్పి అన్నోళ్ళకు నొప్పే. పోండి ఇళ్ళకు."

కోడలు పంపు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది. అత్త ఆ పిల్ల చేతిలోంచి లాక్కుని, "నువ్వు ఇంట్లో పడుండు" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు జరిగింది నేను చూడలేదు, ఆటో అబ్బాయి చెప్పాడు. పొద్దున్నే ఆటో తెచ్చి పెడితే ఎక్కడానికి ఎవరూ రాలేదు. నొప్పి అంటే నొప్పేనని ముఠా పెద్దే చెప్పింది కాబట్టి ఊరందరికీ నొప్పులు వచ్చాయి. చేను ఆసామి ఫోను మీద ఫోను. ఆమె ఆటో పక్కన నిలబడి, వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, నడుముకు తువ్వాలు బిగించి కట్టుకుని తనే ఎక్కి కూర్చుంది. "పోనీరా" అంది. చేలోకి దిగి వంగి కాయ కోయడం మొదలుపెట్టింది. పెద్దక్క వంగిందన్న కబురు ఊళ్ళోకి పోవడానికి ఎంతసేపు? మొదట చూడ్డానికి వచ్చారు. చూసి ఊరుకోలేకపోయారు. "కొంచెం తగ్గిందక్కా" అంటూ ఒక్కొక్కరే సాళ్ళలోకి దిగారు. "మా అమ్మ ఒక్కర్నీ పలకరించలేదు పిన్నీ. తలెత్తలేదు. సాయంత్రం దాకా కోసింది" అన్నాడు అబ్బాయి. వాడి గొంతులో ఎగతాళి లేదు.

ఆ కోతలన్నాళ్ళూ నేను వెళ్తూనే ఉన్నాను. కోడలికి కప్పులు పెట్టేదాన్ని, గోడ మీద వేళ్ళతో పైపైకి పాకే వ్యాయామం చేయించేదాన్ని. ఆ గోడకు సున్నం మీద వేళ్ళ జాడలు పడ్డాయి, ఒక్కో వారం కాస్త పైకి. అత్త ఆ దరిదాపులకు వచ్చేది కాదు. వచ్చినా నా డబ్బా వైపు చూసేది కాదు.

చివరిసారి వెళ్ళినప్పుడు మాత్రం నన్ను గదిలోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసి, మంచం అంచున కూర్చుంది. కాసేపు ఏదేదో మాట్లాడింది. మిరపకాయ సంగతి, ఎండల సంగతి. ఆ తర్వాత, "నాకు ఒక్కసారి పెట్టవే" అంది.

"కప్పులు పాడైపోయినయ్ అన్నావుగా అక్కా?"

"నీ ఎగతాళి తర్వాత. పెట్టు. నల్లగా రావాల. ఫోటో గీటో వద్దు, ఊరంతా పోద్ది. ఎవరికీ చూపించన్లే. నాకు తెలిస్తే చాలు."

వీపు తిప్పి కూర్చుంది. నడుము మీద చెయ్యి వేశాను. మా నాయన పరుపుల్లో కూడా అంత ఉండకట్టిన చోటు చూడలేదు. ఒకప్పుడు ఆమె కూడా అందరిలాగే చేలో వంగిన మనిషే, గట్టు మీద పుట్టలేదు. నేను రెండుసార్లే గుంజాను. కాసేపుంచి తీశాను.

"ఎట్టొచ్చిందే?"

లేత ఎరుపు. అన్నేళ్ళు మరకకూ నొప్పికీ చుట్టరికం లేదని ఊరూరా చెప్పిన నోరు, ఆ వీపు ముందు నాకు పెగల్లేదు.

అదే సమయానికి కోడలు టీ తీసుకుని తలుపు నెట్టుకుని వచ్చింది. అత్త నడుము చూసింది. నన్ను చూసింది. గ్లాసులు బల్ల మీద పెట్టింది.

"చానా నల్లగా వచ్చిందత్తా" అంది. "కాకి రెక్క మాదిరి."

అత్త పైట నెమ్మదిగా సర్దుకుంది. "ఇరవై ఏళ్ళ నుంచి చెప్తన్నా. ఒక్కరన్నా నమ్మారా?" అంది. ఆ మాట మాతో అన్నట్టు లేదు. తర్వాత టీ గ్లాసు అందుకుని, "నీ జబ్బ ఎట్టా ఉందే?" అని కోడలిని అడిగింది. ఆ ప్రశ్న ఆమె నోట వినడం నాకు అదే మొదలు.

"ఇంకా నొప్పిగానే ఉందత్తా" అంది ఆ పిల్ల, అలమర పై అరలోంచి బిస్కెట్ల డబ్బాను కుడిచేత్తో దించుతూ.

అత్త ఆ చేతిని చూసింది. డబ్బా కిందికి వచ్చేదాకా చూసింది.

"అయితే ఇంకొన్నాళ్ళు ఆగు" అంది.